అడ్డపొగ చెప్పిన సాక్ష్యం

విశాఖపట్నం పెదజాలారిపేటలో పొద్దున్నే వలలు విప్పే వేళకి వెళితే, పెదాలు మూసుకుని ముక్కులోంచి పొగ వదిలే ముసలమ్మలు ఇప్పటికీ ఒకరిద్దరు కనిపిస్తారు. చుట్ట నోట్లోనే ఉంటుంది, నిప్పున్న కొస లోపలికి పెట్టి. దీన్నే మనవైపు అడ్డపొగ అంటారు. ఎందుకమ్మా అలాగ అని అడిగితే, సముద్రపు గాలికి నిప్పు ఆరదనీ, చంకలో పిల్లాడి మీద నుసి రాలదనీ చెబుతారు.

గట్టి అంగిలికి, అంటే నోటి పైకప్పు ముందు భాగానికి, క్యాన్సర్ రావడం ప్రపంచంలో చాలాచోట్ల అరుదు. మన తీరంలో డాక్టర్లకి అది పాత పరిచయం. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పరిశోధకులు 10,169 మంది నోళ్లు తెరిపించి చూసిన వివరాలు 1971లో అచ్చయ్యాయి. నిప్పు సెగ తగిలే అంగిలి మీదే మచ్చలూ పుళ్లూ కనిపించాయి. పొగ ఏ చోట రోజూ తగులుతుందో జబ్బు ఆ చోటే వెతుక్కుంటుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? సిగరెట్, బీడీ తాగి పొగ లోపలికి పీల్చేవారికి ఆ చోటు ఊపిరితిత్తి. సిగరెట్ తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తాగనివారి కన్నా సుమారు 15 నుంచి 30 రెట్లు ఎక్కువ.

గాలి గొట్టాల లోపలి గోడకి సన్నటి నూగు ఉంటుంది. దుమ్మునీ కఫాన్నీ పైకి నెట్టడం దాని పని. పోర్టు వైపు ఇళ్లలో కిటికీ గట్టు తుడిచిన గుడ్డని చూసినవారికి, మన ఊళ్లో ఆ నూగుకి ఎంత చాకిరీయో తెలుస్తుంది. పొగ ముందుగా దాన్నే చచ్చుబరుస్తుంది. ఆపైన పొగలోని బెంజోపైరీన్ లాంటి విష పదార్థాలు కణంలోని డీఎన్ఏకి అతుక్కుంటాయి. కణం తనని తాను నకలు తీసుకునేటప్పుడు అక్కడ తప్పు పడుతుంది. రోజుకో ప్యాకెట్ చొప్పున ఏడాది కాలిస్తే ఒక్కో ఊపిరితిత్తి కణంలో సగటున 150 మార్పులు చేరతాయని 2016లో లెక్క తేలింది. వాటిలో చాలావాటితో ప్రమాదం లేదు. కీలకమైన కొన్ని ఒకే కణంలో పోగుపడినప్పుడే క్యాన్సర్ మొదలవుతుంది, దానికి ఏళ్లు పడుతుంది.

"రోజుకి మూడు సుట్టలే బాబూ, అంతకి మించి కాల్చను" అన్నాడు వల కుడుతున్న ఓ తాత. ఎప్పట్నించి తాతా అంటే, పెళ్లికి ముందునించట. ఆ మూడు కన్నా ఆ ఏళ్లే నన్ను ఎక్కువ భయపెట్టాయి. రోజుకి ఎన్ని అన్నదానికన్నా ఎన్నేళ్లు అన్నదే ఈ ముప్పుని బాగా పెంచుతుంది. సిగరెట్ మాని బీడీకి మారినా మేలు లేదు. బీడీలో పొగాకు తక్కువే, కానీ ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా లాగాలి.

పొగ ముట్టనివారికీ ఈ జబ్బు వస్తుంది. పక్కవారి పొగ, కట్టెల పొయ్యి, ఆస్బెస్టాస్, కలుషితమైన గాలి కారణాల్లో కొన్ని.

మా బంధువు ఒకాయనకి ఎక్స్‌రేలో నీడ కనిపిస్తే టీబీ అనుకుని నాలుగు నెలలు మందులు వాడారు. అది క్యాన్సర్ అని తేలేసరికి ఎముకల దాకా పాకింది. ఆ నాలుగు నెలల్ని నేను మర్చిపోలేను. మూడు వారాలు దాటిన దగ్గు, కళ్లెలో రక్తపు చార, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే, కళ్లె పరీక్షలో టీబీ తేలకపోతే, సీటీ స్కాన్, ముక్క పరీక్ష (బయాప్సీ) గురించి డాక్టర్ని అడగండి. కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఇక మానడం సంగతి. బ్రిటన్‌లో 1951లో మొదలుపెట్టి వేలమంది డాక్టర్లని 50 ఏళ్లు గమనించారు. జీవితాంతం సిగరెట్ తాగినవారు సుమారు పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకున్నారు. 60 ఏళ్లకి మానినవారు అందులో 3 ఏళ్లు, 50కి మానినవారు 6, 40కి మానినవారు 9 వెనక్కి తెచ్చుకున్నారు. 30కి మానినవారికి దాదాపు పదీ దక్కాయి. పొగ మానినవారి గాలి గొట్టాల్లో, దాదాపు దెబ్బ తగలనట్టున్న కణాలు మానని వారిలో కన్నా నాలుగు రెట్లు ఎక్కువ ఉన్నాయని 2020లో చూశారు. పాడైన చేలో మంచి మొలకలు మళ్లీ లేచినట్టు.

మానాలనుకునేవారికి సాయం చేసే ఉచిత నంబరు సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది: 1800-11-2356. తాతకి చెప్పాను. ఆయన ఇరవై ఎనిమిదేళ్ల మనవణ్ణి పిలిచి, వాడి ఫోన్‌లో ఎక్కించమన్నాడు. వాడి చొక్కా జేబులో సిగరెట్ పెట్టె ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.