తెల్లవారుజాము వార్త, అర్ధరాత్రి పుకారు

2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతం. విశాఖ శివారు ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి లీకైన స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి ఊరిని కమ్మేసింది. ఆ రోజు పేపర్లో ఈ వార్త వచ్చే వీలే లేదు. పైగా లాక్‌డౌన్. జనానికి సంగతి తెలిసింది ఫోన్లలోనే. రోడ్ల మీద పడిపోయిన వాళ్ల వీడియోలు, ముఖానికి తడిగుడ్డ కట్టుకోమన్న సూచనలు తెల్లారేసరికి నగరమంతా చేరాయి. పన్నెండు మందిని బలిగొన్న ప్రమాదం అది. ఆ పూట ఆన్‌లైన్ వేగం మనుషులకు అక్కరకొచ్చింది.

రాత్రయ్యేసరికి కథ మారింది. ‘మళ్లీ గ్యాస్ లీక్’ అంటూ బ్రేకింగ్‌లు మొదలయ్యాయి. ముందుజాగ్రత్తగా చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయిస్తున్న మాట నిజమే. రెండోసారి లీకేమీ కాలేదని పోలీసులు చెబుతున్నా వినే స్థితిలో ఎవరున్నారు? పిల్లాపాపలతో జనం రోడ్లెక్కేశారు.

పొద్దున పడిన తొందర చూసేవాళ్ల కోసం. రాత్రి పడిన తొందరలో పక్కవాడికంటే ముందుండాలన్న యావే ఎక్కువ. ఆన్‌లైన్ వార్తల మంచిచెడ్డలు చాలావరకు ఈ తేడాలోనే ఉన్నాయి.

తొందర తెలుగు పత్రికలకు కొత్తేమీ కాదు. విజయవాడలో అచ్చయిన పేపరు విశాఖ చేరేసరికి మధ్యాహ్నమయ్యే రోజుల్లో, 1974 ఆగస్టు 10న ‘ఈనాడు’ అదే విశాఖలో పుట్టి, తెల్లారకముందే గుమ్మంలో పడటం మొదలుపెట్టింది. 1989లో జిల్లా ఎడిషన్లు తెచ్చింది. మండలానికో కంట్రిబ్యూటర్, అంటే స్థానిక విలేకరి, వచ్చాడు. అయితే ఎంత తొందరున్నా మధ్యలో వార్తలు సరిచూసే డెస్క్ ఉండేది. బస్సు బోల్తా పడిందని కంట్రిబ్యూటర్ ఫోన్ చేస్తే, అవతలి సబ్ ఎడిటర్ ‘ఎంతమంది పోయారు? ఎవరు చెప్పారు? ఎస్సైతో మాట్లాడావా? ఇంటిపేర్లు సరిచూశావా?’ అని ప్రాణం తోడేసేవాడు. విసుగొచ్చే పనే. పేపరు పరువు దాని మీదే నిలబడేది. అప్పుడూ తప్పులు పడేవి, కాకపోతే మర్నాడు ‘సవరణ’ అని ఓ మూలైనా వేసేవాళ్లు.

2004లో టీవీ9 వచ్చాక 24 గంటల వార్తల పోటీ ముదిరింది. చానళ్లకు ఇంటర్నెట్ తోడైతే ఏమవుతుందో 2010 జనవరి 7 రాత్రి చూశాం. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న నల్లమలలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. అందులో రిలయన్స్ కుట్ర ఉందంటూ ‘ఎగ్జైల్డ్’ అనే వెబ్‌సైట్ ఆ రోజుల్లోనే ఆధారం లేని రాత ఒకటి రాసింది. మాస్కోలో మూతపడిన ఓ ఇంగ్లిష్ పత్రికకు కొనసాగింపు అది. మనవాళ్లు ‘రష్యా వెబ్‌సైట్’ అని పేరుపెట్టి ఆ రాతను తెర మీదికి తెచ్చారు. మొదట టీవీ5, ఆ వెంటనే మరికొన్ని చానళ్లు. గంటల్లో రాష్ట్రమంతటా రిలయన్స్ దుకాణాలు, పెట్రోలు బంకుల మీద దాడులు జరిగాయి. టీవీ5 సంపాదకులిద్దరు అరెస్టయ్యారు. దర్యాప్తుల్లో కుట్ర ఉన్నట్టు ఎక్కడా తేలలేదు.

ఇందులో నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఆ రాత నాలుగు నెలల పాతది! ఇంకో నాలుగు రోజులు ఆగి వాకబు చేస్తే కొంపలేం మునగవు. ‘ఫలానా సైట్ రాసింది’ అంటే చాలు, బాధ్యత మనది కాదనుకునే అలవాటు తెలుగు వార్తల్లో బాగా బలపడింది అప్పుడే అనుకుంటా.

2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ అలవాటు ఇంటింటికీ చేరింది. వ్యూస్ మీదే ఆదాయం. ముందు పెట్టినవాడికి వ్యూస్, ఆగి కనుక్కున్నవాడికి మిగిలింది లేదు. 2023 మార్చిలో కోట శ్రీనివాసరావు చనిపోయారని వార్తలు పెట్టేశారు. బందోబస్తుకని పోలీసులు ఇంటికే వచ్చారు. తాను బతికే ఉన్నానని పాపం ఆ పెద్దాయనే వీడియోలో చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంటికి ఒక్క ఫోన్ కొడితే తేలిపోయే విషయం.

సవరణ సంగతీ అంతే. లింకు తీసేస్తారు, లేదా చడీచప్పుడు లేకుండా హెడ్డింగ్ మార్చేస్తారు. స్క్రీన్‌షాట్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి.

నిబంధనలు ఆలస్యంగా కదిలాయి. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం పత్రికలకు, వార్తాసంస్థలకే పరిమితం. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనలు డిజిటల్ వార్తలనూ తమ కిందికి తెచ్చాయి. వాటిలో కొన్నింటిపై ఆ ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు స్టే ఇచ్చింది. ప్రభుత్వం చేతికి కత్తెర దొరుకుతుందన్న భయం ఒట్టిదేమీ కాదు. ఇక ఆ నిబంధనల ప్రకారం పాఠకుడు ఫిర్యాదు చేస్తే తేల్చడానికి సంస్థకున్న గడువు పదిహేను రోజులు. ఆలోగా ఆ వార్త ఎన్ని గ్రూపులు తిరిగొస్తుందో వేరే చెప్పాలా?