మామిడికాయ దగ్గర మెషిన్ ఎందుకు తడబడింది

చిన్నీ, బాబీ,

మీ బాబాయి అమెరికా నుంచి తెచ్చిన, పండు కోయకుండానే తీపి చెప్పే ఆ అరచేతి మెషిన్ వీడియో చూశాను. ఒకే బంగినపల్లి పండు, ఒకవైపు ఆనిస్తే తీపి 14 అంది, తిప్పి ఆనిస్తే 19 అంది, వెనక మీ నవ్వులు. "తాతయ్యా, ఇది అబద్ధాలు చెబుతోందా?" అని అడిగారు. దీని పెద్దన్నలాంటి మెషిన్‌తో కోళ్ల దాణా మిల్లు ల్యాబ్‌లో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవాణ్ణి, ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలేయబుద్ధి కాలేదు.

ముందు మా నాన్న సంగతి. వడ్లు ఆరాయో లేదో చూడాలంటే ఆయన ఒక గింజ పంటి కింద పెట్టి కొరికేవాడు. టక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకో రెండు ఎండలు కావాలి. నిజానికి ఆయన పంటికి తేమ తెలియదు, తెలిసేది చప్పుడూ గట్టిదనమూ మాత్రమే. ఏళ్ల తరబడి కొరికి, తర్వాత ఆ వడ్లు ముక్కిపోయాయా, మిల్లులో నూకయ్యాయా అని చూసుకుని, చప్పుడుకీ తేమకీ మనసులో ఒక లంకె వేసుకున్నాడు. ఆ లంకె వేయడాన్నే మేం క్యాలిబ్రేషన్ అంటాం. ఒకసారి మొక్కజొన్న చేతికిస్తే మాత్రం ఆయన అంచనా తప్పింది, పన్ను అదే, గింజే వేరు.

మెషిన్‌కి పన్ను బదులు వెలుగు ఉంటుంది. ఎరుపు దాటాక కంటికి కనిపించని వెలుగు, సుమారు 780 నుంచి 2500 నానోమీటర్ల వరకు ఉండేది. దాన్ని పిండి మీద వేసి, ఎంత తిరిగొచ్చిందో చూస్తుంది. నీళ్లు 1450 దగ్గర, 1940 దగ్గర బాగా మింగేస్తాయి, ప్రొటీన్ 2180 దగ్గర. అమెరికా వ్యవసాయ శాఖలో కార్ల్ నోరిస్ అనే ఇంజినీరు 1960లలో ధాన్యం మీద దీన్ని పనికొచ్చేలా చేశాడు. 1975కల్లా కెనడా ధాన్యం కమిషన్ గోధుమల్లో ప్రొటీన్ చూడటానికి వాడుకలోకి తెచ్చింది. చిక్కేమిటంటే నీళ్లు, ప్రొటీన్, నూనె, పిండి పదార్థం, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగంగా కనిపిస్తాయి. బరకగా ఆడిస్తే ఒకలా, మెత్తగా ఆడిస్తే ఇంకోలా. ఒక్క అంకె చూసి "ఇదిగో ప్రొటీన్" అనలేం, అందుకే స్టాటిస్టిక్స్ కావాలి.

మెషిన్‌కి నేర్పడానికి అసలు జవాబులు కావాలి కదా, అవి కెల్డాల్ పద్ధతిలో వస్తాయి. 1883లో డెన్మార్క్‌లో బీరు తయారుచేసే కార్ల్స్‌బర్గ్ వాళ్ల ల్యాబ్‌లో పుట్టిన పద్ధతి. శాంపిల్‌ని గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో గంటల తరబడి ఉడికించి, నైట్రోజన్ ఎంతుందో తేల్చి, ప్రొటీన్ అంచనాకి దాన్ని 6.25తో గుణిస్తాం. (అంటే ప్రొటీన్‌ని నేరుగా కొలవడం లేదు! చైనాలో 2008లో పాలల్లో మెలమైన్ అనే నైట్రోజన్ ఎక్కువుండే రసాయనం కలిపినవాళ్లు సరిగ్గా ఈ కంతలోంచే దూరారు.) ఒకే చెక్కని (నూనె తీశాక మిగిలే పిప్పి, కోళ్ల దాణాలో వేసేది) నేనే రెండుసార్లు చేస్తే ప్రొటీన్ 0.3 శాతం తేడా వచ్చిన రోజులున్నాయి. గురువుకే ఇంత తడబాటు ఉంటే శిష్యుడి మార్కులు దిద్దేటప్పుడు అది గుర్తు పెట్టుకోవాలి, మెషిన్ తప్పు అని మనం రాసుకునే దాంట్లో కొంత మన తప్పే.

ఇక నా పరువు పోయిన కథ. సోయా చెక్కకి క్యాలిబ్రేషన్ చేయమన్నారు. వేసవిలో 15 లారీల నుంచి లారీకి నాలుగు చొప్పున 60 శాంపిళ్లు తీశాను. 45 నేర్పడానికి, 15 పరీక్షకి. గ్రాఫ్ వేస్తే చుక్కలన్నీ గీత మీదే. నేర్పినవాటిలోనే కాదు, పరీక్షలోనూ అంతే, మేనేజర్‌కి చూపించి టీ తాగించుకున్నాను కూడా. వానాకాలం మొదట్లో ఇంకో ఊరి మిల్లు నుంచి చెక్క వచ్చింది. మెషిన్ ప్రొటీన్ 47 శాతం అంది, అనుమానం వచ్చి కెల్డాల్ చేస్తే 44. 47 ధరకి 44 చెక్క కొంటే మిల్లు మునుగుతుంది, కోడి ఎదగదు.

వారం రోజులు నిద్ర లేదు. చివరికి తేలిందేమిటంటే, నా 60 శాంపిళ్లలో బాగా ఎండిన చెక్కలకే ప్రొటీన్ ఎక్కువుంది, చెమ్మ ఉన్నవాటికి తక్కువ. మెషిన్‌కి సులువైన దారి దొరికింది: ప్రొటీన్‌తో పనేముంది, 1940 దగ్గర నీళ్లు చూసి చెప్పేయొచ్చు! కొత్త చెక్క పొట్టు తీయనిది, ప్రొటీన్ తక్కువ, కానీ గలగలలాడేంత ఎండింది. మెషిన్ దాని ఎండుదనం చూసి "47" అంది. అబద్ధం కాదర్రా, నేను నేర్పిందే అప్పజెప్పింది.

మరి పరీక్షలో ఎందుకు దొరకలేదు? ఒకే లారీలోంచి తీసిన నాలుగింట్లో మూడు నేర్పడానికి పోయాయి, నాలుగోది పరీక్షకి కూర్చుంది. అన్నకి పాఠం చెప్పి, కవల తమ్ముణ్ణి పరీక్ష రాయమన్నట్టు. నావి 60 అనుకున్నాను, నిజానికి 15 మాత్రమే.

ఇంకో ముప్పు కూడా ఉంది. చిన్నీ, నువ్వు డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్నావు కాబట్టి ఇది నీకు. 1100 నుంచి 2500 దాకా రెండేసి నానోమీటర్లకి ఒకటి చొప్పున మా మెషిన్ 700 అంకెలు ఇస్తుంది. శాంపిళ్లు 45, అంకెలు 700 అయితే, ప్రొటీన్ మాట అటుంచు, ఆ 45 డబ్బాల మీద తలా ఒక ఫోన్ నంబరు రాసినా దాన్ని పొల్లు పోకుండా లెక్కగట్టే సూత్రం దొరుకుతుంది! అందుకే పీఎల్‌ఎస్ (పార్షియల్ లీస్ట్ స్క్వేర్స్) అనే పద్ధతిలో ఆ 700ని నలిపి నాలుగైదో, ఎనిమిదో ముఖ్యమైన పోగులుగా చేస్తారు. పోగులు పెంచే కొద్దీ నేర్పిన శాంపిళ్లలో తప్పు తగ్గుతూనే ఉంటుంది, ఎప్పుడూ చూడని శాంపిళ్లలో మాత్రం కొంతదాకా తగ్గి మళ్లీ పెరుగుతుంది. ఆ మలుపు దగ్గర ఆగాలి. ఆశపడి ఇంకో రెండు కలిపేవాళ్లని చాలామందిని చూశాను, నన్నూ కలుపుకుని.

తర్వాత నేను చేసింది మొండిపనే. వేరువేరు మిల్లుల చెక్క, పొట్టు ఉన్నది, లేనిది, కావాలని చెమ్మ పట్టించినది, ఎండబెట్టినది, అన్ని జతలూ పోగేశాను. పరీక్షకి కొన్ని మిల్లుల సరుకు మొత్తం పక్కన పెట్టేశాను, ఒక్క గింజ కూడా నేర్పడంలో కలవకుండా. గ్రాఫ్ మునుపటంత అందంగా రాలేదు. కోరిలేషన్ (మెషిన్ జవాబూ అసలు జవాబూ ఎంత జతగా నడుస్తాయో చెప్పే అంకె, 1 అయితే పూర్తి జత) 0.98 అని ఎవరైనా మురిసిపోతే నేను పట్టించుకోను, శాంపిళ్లలో ప్రొటీన్ 30 నుంచి 50 శాతం దాకా ఉంటే ఆ అంకె దానంతటదే పెరుగుతుంది. "సగటున ఎంత శాతం తప్పుతోంది, ఎప్పుడూ ఒకే పక్కకి తప్పుతోందా?" అని అడగండి. ఒకే పక్కకి అయితే బల్బు మార్చారేమో, గ్రైండర్ జల్లెడ అరిగిందేమో చూడాలి. మేం సీలు వేసిన ఒక శాంపిల్ డబ్బాని రోజూ పొద్దున్నే మొదట పెట్టి, అంకె నిన్నటిలాగే వస్తోందా అని చూసేవాళ్లం.

ఇప్పుడు మీ మామిడిపండు. ఆస్ట్రేలియాలో మామిడికాయల మీద దీన్ని పద్ధతిగా చేసినవాళ్లు మూడు సీజన్ల కాయలతో నేర్పి, నాలుగో సీజన్ కాయల మీద పరీక్షించారు. మీ చేతిలో మెషిన్‌కి ఏ పండ్లతో నేర్పారో డబ్బా మీద ఉందా చూడండి, ఆపిల్ అయితే మా నాన్నకి మొక్కజొన్న ఇచ్చినట్టే. పైగా పండు ఎండ తగిలిన వైపు, తగలని వైపు తీపి నిజంగానే కొంచెం తేడా ఉంటుంది, 14కీ 19కీ అంత కాకపోయినా.

వేసవికి నేను రిఫ్రాక్టోమీటర్ తెస్తాను, చుక్క రసంతో తీపి చెబుతుంది. మీరు బంగినపల్లి, రసాలు కలిపి ఓ 40 పండ్లు ఏరి, నంబర్లు వేసి, ఏ చెట్టువో రాసిపెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చల్లబడితే నీళ్లు వెలుగుని మింగే తీరు మారుతుంది. రెండు చెట్ల కాయలు మొత్తం పరీక్షకే ఉంచాలి, బాబీకి ముందే చెబుతున్నాను, కొలిచేలోపు ఒక్కటి కూడా తినకూడదు.

మీ తాతయ్య