జానెడు చేపకు ఇరవై ఏళ్లా? చార్ చేపలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: చిన్నగా ఉందంటే అది పిల్ల చేపే.

మన చెరువుల్లో బొచ్చె ఏడాది తిరిగేసరికి కిలో తూగుతుంది కాబట్టి ఇలా అనిపించడం సహజం. రష్యా ఈశాన్య కొసన, చుకోట్కాలో, ఎల్‌గిగిట్‌గిన్ అనే సరస్సు ఉంది. ఏడాదిలో తొమ్మిది నెలలకు పైగా గడ్డకట్టి ఉంటుంది. చార్ అంటే సాల్మన్, ట్రౌట్‌ల కుటుంబానికి చెందిన చల్లనీటి చేప. ఈ సరస్సులో బతికే పొడవు రెక్కల చార్ అనే రకం మహా అయితే అడుగు పొడవు పెరుగుతుంది. జానెడున్నవాటిలోనే ఇరవై ఏళ్లు దాటినవి ఉంటాయి.

సైజు చూసి వయసు చెప్పడం కుదరదు. పొలుసులనూ నమ్మలేం. చార్‌కు అవి మరీ చిన్నవి, పైగా నెమ్మదిగా పెరిగే చేపలో వాటి మీద ఏటా పడే వలయాలు కలిసిపోయి వయసు తక్కువ చూపిస్తాయి. అందుకే తల కోసి చెవిరాయి తీస్తాం. దీన్నే ఓటోలిత్ అంటాం. అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే వేసవికో పట్టీ, చలికాలానికో పట్టీ కనిపిస్తాయి. మధ్యలోవి ఎడంగా ఉంటాయి, టెన్షన్ లేదు. అంచుకొచ్చేసరికి అన్నీ ఇరుక్కుపోతాయి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి సరిచూసుకోవాల్సిందే. ఇద్దరి లెక్కా మొదటిసారే కలిస్తే నాకైతే అనుమానమే.

అపోహ: అంత చల్లటి నీళ్లలో తినడానికేం దొరుకుతుంది?

లోతు నీళ్లు వేసవిలో కూడా 4 డిగ్రీలు దాటవు. కానీ చల్లటి నీళ్లలో ఆక్సిజన్ బాగా కరుగుతుంది, సన్నటి రొయ్యజాతి జీవులూ ఉంటాయి. ఈ చేప మొప్పల లోపలివైపు పొడవైన ముళ్లు వత్తుగా ఉండి వాటిని వడకడతాయి. అదే సరస్సులో చిన్న నోటి చార్, బొగనిడా చార్ కూడా ఉన్నాయి. బొగనిడా చార్ పెద్దది. మిగతా చార్‌లను మింగేస్తుంది.

అపోహ: సరస్సు వయసు 36 లక్షల ఏళ్లు కాబట్టి చేపా అప్పటి నుంచీ అక్కడే ఉంది.

ఇది నాకు కాస్త చిరాకు తెప్పించే మాట. ఉల్క పడి ఏర్పడ్డ గుంత అది, లోతు 170 మీటర్ల పైనే. చేపలు తర్వాత నది ఎదురెక్కి వచ్చి ఉండాలి. ఎప్పుడన్నది సరస్సు వయసు చెప్పదు. ఈ చేప వంశం సరస్సుకన్నా పాతదైనా కావచ్చు, అక్కడికి చేరింది మాత్రం ఆ తర్వాతే. హిమయుగాల్లో కూడా మంచుపలకలు ఈ గుంతను కప్పలేదు కాబట్టి, వచ్చినవి నిలిచే వీలు దొరికింది. 1990లో చెరెష్నెవ్, స్కొపెట్స్ అనే శాస్త్రవేత్తలు పొడవు రెక్కల చార్‌ను వర్ణించినప్పుడు ఏకంగా కొత్త ప్రజాతి (జీనస్) పెట్టి సాల్వెథైమస్ అన్నారు. మిగతా చార్‌ల నుంచి అంత దూరం పెట్టాలా అన్న వాదన ఇంకా తెగలేదు.

అపోహ: చార్‌లన్నీ సముద్రానికి వెళ్లొస్తాయి.

ఆర్కిటిక్ చార్‌లో కొన్ని గుంపులు వెళ్తాయి. పొడవు రెక్కల చార్ పుట్టడం, గుడ్లు పెట్టడం, చావడం అన్నీ ఈ ఒక్క సరస్సులోనే.

అపోహ: చార్ అంటే ట్రౌటే.

దగ్గరి చుట్టాలు, అంతే. గందరగోళమంతా పేర్ల వల్లే. బ్రూక్ ట్రౌట్, లేక్ ట్రౌట్ నిజానికి చార్‌లే. చార్ ఒళ్లు ముదురు రంగులో ఉండి, మచ్చలు లేతగా ఉంటాయి. లేత ఒంటి మీద నల్ల మచ్చలు కనిపిస్తే అది చార్ కాదు.