ఎందుకలా చేసింది? – లైబ్రరీ పీరియడ్ పిల్లలకు ఒక ఉత్తరం

చిక్కడపల్లి,
హైదరాబాద్.

ఆరు, ఏడు తరగతుల పిల్లలకు,

పోయిన శనివారం లైబ్రరీ పీరియడ్ అయిపోయి, అందరూ చెప్పుల దగ్గర తోసుకుంటున్నప్పుడు, మీలో ఒకబ్బాయి వెనక్కి వచ్చి నన్ను అడిగాడు. "అమ్మమ్మా, కథ చదివారు గానీ నీతి చెప్పలేదు. పరీక్షలో అడిగితే ఏం రాయాలి?" అప్పటికే బెల్ కొట్టేశారు. "తర్వాత చెప్తాలే నాన్నా" అని పంపించేశాను. ఇంటికొచ్చాక మనసొప్పలేదు. అంత మంచి ప్రశ్నను అలా దాటేయకూడదు. అందుకే ఈ ఉత్తరం. మీ టీచరుగారు చదివి వినిపిస్తారు.

నేను ముప్ఫై నాలుగేళ్లు తెలుగు టీచరుగా పనిచేశాను. అందులో సగం కాలం, ప్రతి కథ అయ్యాక బోర్డు మీద "నీతి" అని రాసి, కింద గీత గీసి, ఒక వాక్యం రాయించాను. పిల్లలు చక్కగా నోట్సులో ఎక్కించుకునేవాళ్లు. "తోటివారి మనసు నొప్పించరాదు" అని గుండ్రటి అక్షరాలతో రాసిన పిల్లలే, ఇంటర్వెల్‌లో పక్కమ్మాయి టిఫిన్ డబ్బా మూత తీస్తే ముక్కు మూసుకునేవాళ్లు. నేను వాళ్లని తప్పు పట్టను. ఆ వాక్యం రాయడానికి కథ చదవాల్సిన పనే లేదు. కథలో ఉన్న మనిషి గురించి ఒక్క క్షణం ఆలోచించకుండానే నీతి రాసేయొచ్చు, పదికి పది మార్కులూ వస్తాయి.

ఇది నాకు ఎలా అర్థమైందో చెప్పాలంటే నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. ఇది చెప్పడం నాకు సులువు కాదు.

1967లో నేను ఆరో తరగతి. నల్లకుంట దగ్గర అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. పెరట్లో నల్లా ఉండేది. మా క్లాసులో ఒకమ్మాయి రోజూ ఆలస్యంగా వచ్చేది. ప్రార్థన అయిపోయి, హాజరు కూడా పిలిచేశాక వచ్చి తలుపు దగ్గర నిలబడేది. జడ సగమే అల్లి ఉండేది. లంగా అంచు తడిసి ఉండేది. టీచరు "ఎందుకాలస్యం?" అనేవారు. ఆ అమ్మాయి నోరు విప్పేది కాదు. పీరియడ్ అయ్యేదాకా బయటే నిలబెట్టేవారు. మేమంతా ఆమెకి "లేటు బండి" అని పేరు పెట్టాం. ఆమె గుమ్మం దగ్గర కనిపించగానే వెనక నుంచి ఎవరో ఒకరు రైలు కూత పెట్టేవాళ్లు, మిగతావాళ్లు నవ్వేవాళ్లు. నేను ఎప్పుడూ కూత పెట్టలేదు. నవ్వాను.

దసరా సెలవుల తర్వాత ఆ అమ్మాయి బడికి రావడం మానేసింది. ఆ చలికాలంలోనే ఒకరోజు తెల్లవారుజామున మా అమ్మతో కలిసి పాల కోసం పక్క బస్తీలోకి వెళ్లాను. వీధి నల్లా దగ్గర పెద్ద లైను. లైనులో ఆ అమ్మాయి ఉంది. చంకలో ఒక బిందె, కాళ్ల దగ్గర ఇంకో బిందె. నల్లా ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు, వచ్చినప్పుడు పట్టుకోకపోతే ఆ పూట ఇంట్లో నీళ్లుండవు. గండిపేట చెరువు 1920లో కట్టారు, ఊళ్లో చాలామంది ఆ నీళ్లే తాగేవాళ్లు. మా పెరట్లోకి ఆ నీళ్లు వాటంతటవే వచ్చేవి. ఆ అమ్మాయి ఇంటికి మాత్రం ఆమె మోస్తేనే వచ్చేవి. తడిసిన లంగా అంచుని నేను నెలల తరబడి రోజూ చూశాను. అది బిందెలోంచి తొణికిన నీళ్ల తడి అని ఆ పొద్దున గానీ తట్టలేదు.

ఆ అమ్మాయి నన్ను చూసింది. నేను తల తిప్పుకున్నాను. మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు.

టీచరు రోజూ "ఎందుకు" అని అడిగారు కదా అని మీకు అనిపించొచ్చు. అడిగారు. కానీ జవాబు వినడానికి అడగలేదు. "ఎందుకు" అనే మాటని మనం రెండు రకాలుగా అంటాం. ఒకటి తిట్టడానికి. రెండోది నిజంగా తెలుసుకోవడానికి. ఆ రెండో "ఎందుకు" ఆ క్లాసులో ఎవ్వరం అనలేదు.

ఆ రోజుల్లోనే మా ఇంటికి చందమామ వచ్చేది. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ పత్రికలో బేతాళ కథ ఉండేది. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటాడు, శవంలో ఉన్న బేతాళుడు కథ చెప్తాడు. సంస్కృతంలో ఉన్నవి పాతిక కథలే. అవి అయిపోయాక చందమామవాళ్లు కొత్తవి అల్లి దశాబ్దాలపాటు నడిపించారు. మీ అమ్మమ్మ తాతయ్యలని అడగండి, కళ్లు మెరుస్తాయి. ఆ కథల్లో నాకు నచ్చింది బేతాళుడి ప్రశ్న. చేతికందిన రాజ్యాన్ని ఆ యువకుడు ఎందుకు వద్దనుకున్నాడు? అంత గొప్ప వరం ఇస్తానంటే ఆ ముసలమ్మ ఎందుకు కాదంది? అలాంటి ప్రశ్నలు. "దీని నీతి ఏమిటి రాజా" అని బేతాళుడు అడగడు. ఒక మనిషి ఏదో వింతగా ప్రవర్తించాడు, పైకి చూస్తే తప్పుగానో తెలివితక్కువగానో ఉంది, ఎందుకలా చేశాడో చెప్పు అంటాడు. రాజు కాసేపు ఆ మనిషి మనసులోకి వెళ్లి, అక్కడి నుంచి జవాబు చెప్తాడు. చెప్పగానే బేతాళుడు మళ్లీ చెట్టు మీదికి పోతాడు. రాజు మళ్లీ మొదటి నుంచీ నడవాలి.

నేను ఆ కథలు ప్రతినెలా చదివాను. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయి గురించి మాత్రం ఆ ప్రశ్న వేసుకోలేదు. కథలు చదివితే చాలు, అందరూ మంచివాళ్లయిపోతారని నేను మీకు చెప్పకపోవడానికి కారణం ఇదే. కథలోని ప్రశ్నని బడి గుమ్మం దాకా తీసుకురావడానికి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించాలి. లైబ్రరీ పీరియడ్ అందుకే ఉంది.

టీచరునయ్యాక చాలా ఏళ్లకు ఒక ఇంగ్లీషు పుస్తకం నా చేతికి వచ్చింది. ఎలినార్ ఎస్టెస్ అనే అమెరికన్ రచయిత్రి 1944లో రాసింది. పేరు 'ది హండ్రెడ్ డ్రెసెస్'. అందులో పోలండ్ నుంచి వచ్చిన కుటుంబానికి చెందిన ఒక పేద పిల్ల, రోజూ ఒకే గౌను వేసుకుని బడికి వస్తుంది. తోటి పిల్లలు ఆమె పేరు చూసి, ఆ గౌను చూసి రోజూ ఆట పట్టిస్తారు. ఈ కథని ఆ పిల్ల వైపు నుంచి చెప్పలేదు, ఏడిపించిన పిల్ల వైపు నుంచీ చెప్పలేదు. పక్కన నిలబడి ఏమీ అనకుండా ఊరుకున్న పిల్ల మనసులోంచి చెప్పారు. రచయిత్రి చిన్నప్పుడు తన క్లాసులో అలాంటి అమ్మాయి ఉండేదట. తాను అప్పుడు ఊరుకున్నందుకే పెద్దయ్యాక ఈ పుస్తకం రాశారు. ఆ రాత్రి పుస్తకం మూసి నేను చాలాసేపు నిద్రపోలేదు. ఎక్కడో సముద్రాలకు అవతల, నేను పుట్టకముందే, నాలాగే నవ్వి ఊరుకున్న ఒకావిడ ఉంది. ముగింపు నేను చెప్పను. పై తరగతుల్లో సీబీఎస్ఈవాళ్ల ఇంగ్లీషు పుస్తకంలో కొన్నేళ్లపాటు ఇది పాఠంగా ఉంది. మీ అన్నయ్యల, అక్కల పాత పుస్తకాల్లో దొరుకుతుందేమో చూడండి.

ఈ విషయానికి పుస్తకాల్లో "సహానుభూతి" అని పెద్ద మాట వాడతారు. మా అమ్మ చదువుకోలేదు. "నీకైతే ఎట్లుంటది?" అని ఒక్క ముక్కలో అడిగేది. నాకు అంతకంటే మంచి అర్థం ఇప్పటికీ దొరకలేదు. కానీ ఇందులో ఒక జాగ్రత్త ఉంది. చాలామంది దీన్ని జాలి అనుకుంటారు. జాలిలో మనం పైన ఉంటాం, అవతలివాళ్లు కింద ఉంటారు. "అయ్యో పాపం" అంటాం, అక్కడితో అయిపోతుంది. జాలి పడ్డవాళ్లని మనం ఆటకి పిలవం.

మీలో కొందరు 'రైలుబడి' చదివారు కదా. జపాన్‌లో టెట్సుకో కురోయనాగి అనే ఆవిడ తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకం అది. 1981లో అక్కడ అచ్చయింది. పాత రైలు పెట్టెల్లో క్లాసులు. హెడ్‌మాస్టరు గారు మొదటి రోజే చిన్నపిల్ల టొట్టోచాన్ (అంటే చిన్నప్పటి ఆ రచయిత్రే) కబుర్లు నాలుగు గంటలసేపు విన్నారు. నేనైతే నలభై మంది పిల్లల మధ్య ఒక్కరిది నాలుగు నిమిషాలు కూడా వినలేకపోయాను, అది నాకు ఇప్పటికీ బాధే. ఆ పుస్తకంలో పోలియో వచ్చిన ఒక అబ్బాయి ఉంటాడు. అతను ఎప్పుడూ చెట్టెక్కలేదు. టొట్టోచాన్ "అయ్యో" అనదు. నా చెట్టు మీదికి రా అని పిలుస్తుంది. నిచ్చెన ఈడ్చుకొస్తుంది, కుదరకపోతే ఇంకోటి తెస్తుంది, చెమటలు కక్కుతూ కింద నుంచి తోస్తుంది, పైకెక్కి లాగుతుంది. నాకైతే ఎట్లుంటది అనుకున్న పిల్ల చేసే పని అది. నాకైతే చెట్టెక్కాలని ఉంటుంది! అతనికీ అంతే ఉంటుందని ఆమెకి తెలుసు.

ఇంకో సంగతి. ఇది మీకంటే ఎక్కువగా మీ టీచర్ల కోసం, అయినా మీరూ వినండి.

రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1990లో ఒక వ్యాసంలో, పిల్లల పుస్తకాలు కొన్నిసార్లు అద్దాల్లా, కొన్నిసార్లు కిటికీల్లా ఉంటాయన్నారు. అద్దంలో మన ఇల్లు కనిపిస్తుంది, కిటికీలోంచి పక్కవాళ్ల ఇల్లు కనిపిస్తుంది. పిల్లలకి రెండూ కావాలి. మన క్లాసులోనే చూడండి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు, ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, లంబాడీ మాట్లాడేవాళ్లున్నారు, అపార్ట్‌మెంట్లు కట్టే పనికి ఒడిశా నుంచి వచ్చిన అమ్మానాన్నల పిల్లలున్నారు. నేను చదువుకున్న వాచకాల్లో వీళ్లలో చాలామంది ఇళ్లు ఎక్కడా లేవు. తన ఇల్లు ఏ కథలోనూ కనిపించని పిల్ల, ఆ ఇంటి గురించి క్లాసులో చెప్పడానికి సిగ్గుపడుతుంది. మా క్లాసు అమ్మాయి నల్లా సంగతి చెప్పకపోవడానికి కారణం అదేనేమో అని నాకు తోస్తుంది. బిందెలు మోసి బడికొచ్చే పిల్ల మా వాచకంలో ఒక్కతి ఉన్నా, ఆమె "నల్లా రాలేదు టీచర్" అనగలిగేదేమో. మన హైదరాబాద్‌లోనే ఉన్న అన్వేషి అనే స్త్రీల అధ్యయన కేంద్రం ఈ లోటు గమనించి, 2008లో తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో పిల్లల కథల పుస్తకాలు తెచ్చింది. దళితుల ఇళ్ల పిల్లలు, ముస్లింల ఇళ్ల పిల్లలు వాటిలో హీరోలు.

అయితే అద్దం చూపించడంలో నేను ఒకసారి ఘోరంగా తప్పు చేశాను. పాచిపని చేసే అమ్మ, ఆమె కూతురు ఉన్న కథ చదువుతూ, మధ్యలో ఆగి, ముందు బెంచిలో ఉన్న ఒకమ్మాయి వైపు తిరిగి, "నీకు తెలుసు కదమ్మా ఇది, నువ్వు చెప్పు" అన్నాను. ప్రేమగానే అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. క్లాసంతా ఆమె వైపు చూసింది. ఆ ఏడాది ఆఖరిదాకా ఆ అమ్మాయి నా పీరియడ్‌లో చెయ్యెత్తలేదు. కథలోని మనిషి గురించి అందరం మాట్లాడొచ్చు, క్లాసులోని మనిషిని ఎవరూ వేలెత్తి చూపకూడదు. తన ఇంటి సంగతి చెప్పాలో వద్దో ఆ పిల్లే నిర్ణయించుకోవాలి. మీలో ఎవరైనా "అచ్చం వీడిలాగే" అంటే నేను కథ ఆపేసేది అందుకే. కోపంతో కాదు.

ఇప్పుడు ఆ అబ్బాయి అడిగిన దానికి వస్తాను. పరీక్షలో నీతి అడిగితే రాయి నాన్నా, మార్కులు పోగొట్టుకోవద్దు. టెన్షన్ పడొద్దు, అది నీకు వచ్చు. లైబ్రరీ పీరియడ్‌లో మాత్రం మనం బేతాళుడి ప్రశ్నే వేసుకుందాం. కథ సగంలో ఆపుతాను. ఎవరో ఒకరు ఏదో చేసి ఉంటారు. ఎందుకలా చేసింది, ఎందుకలా చేశాడు అని అడుగుతాను. జవాబు తెలిసినా వెంటనే చెయ్యెత్తకండి, కాసేపు లోపల ఉంచుకోండి. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే ఎవరు కరెక్టో నేను తేల్చను. దుర్మార్గుడి గురించి కూడా అడుగుతాను. అతను చేసింది తప్పే అంటూనే, ఎందుకు చేశాడో ఆలోచించొచ్చు.

పుస్తకాలు చాలడం లేదని మీ టీచరుగారు అన్నారు. మన చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది, అది 1901లో మొదలైంది. సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం వాళ్లు పిల్లల కోసం తక్కువ ధరకి తెలుగు పుస్తకాలు వేస్తున్నారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. మా మనవడితో వెళ్లి నేను ఓ సంచీడు తెస్తాను.

వచ్చే శనివారం ప్రేమ్‌చంద్ రాసిన ఈద్గాహ్ కథ చదువుదాం. మీలో కొందరికి తెలిసే ఉంటుంది, అయినా తెలియనట్టే వినండి. హమీద్ అనే చిన్నపిల్లవాడు. అమ్మా నాన్నా లేరు, నానమ్మ అమీనాతో ఉంటాడు. పండగ రోజు జేబులో మూడు పైసలతో జాతరకి వెళ్తాడు. స్నేహితులు మిఠాయిలు తింటారు, మట్టి బొమ్మలు కొంటారు. సిపాయి బొమ్మ ఒకడు, వకీలు బొమ్మ ఇంకొకడు. హమీద్ ఏమీ తినడు. పెనం మీద రొట్టెలు కాల్చేటప్పుడు నానమ్మ వేళ్లు కాలుతున్నాయని, ఆ మూడు పైసలూ పెట్టి ఇనప చిమటా, అంటే పట్టకారు, కొంటాడు. ఇంటికొచ్చి ఇస్తే ఆమె ముందు కోప్పడుతుంది. తర్వాత ఎందుకు కొన్నాడో తెలిసి ఏడుస్తుంది. చిన్నపిల్లలా కొంగు చాపి, అతని కోసం దువా చేస్తూ ఏడుస్తుంది.

నానమ్మ ఎందుకు ఏడుస్తోందో హమీద్‌కి అర్థం కాదు. మీకు ఏమనిపించిందో శనివారం వచ్చి చెప్పండి. ప్రశ్న అడిగిన అబ్బాయి నా పక్కన కూర్చోవాలి.

ప్రేమతో,
మీ లైబ్రరీ అమ్మమ్మ