లే మోర్న్ గాలి గురించి

చిరంజీవులు చిన్నికి, బాబీకి తాతయ్య దీవించి రాయునది.

జులైలో ఇక్కడికి వచ్చి కైట్‌సర్ఫింగ్, అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారే ఆట, నేర్చుకుంటామని ఫోన్లో అన్నారు. రండి. మారిషస్‌లో దానికి అది మంచి నెల. మనం దిగేది ఈ దీవి నైరుతి మూలనున్న లే మోర్న్ తీరంలో. అయితే బోర్డు ఎక్కేముందు మీకు గాలి సంగతి తెలియాలి. అందుకే ఈ ఉత్తరం.

భూమధ్యరేఖకు దిగువన ఉన్నాం కాబట్టి ఇక్కడ కాలాలు తిరగబడి ఉంటాయి. జులై అంటే చలికాలం. ఆ రోజుల్లో దక్షిణాన సముద్రం మీద అధిక పీడనం బలపడుతుంది. అక్కడినుంచి ఆగ్నేయపు గాలి బయలుదేరి ఒక్కోసారి రోజుల తరబడి ఆగకుండా కొడుతుంది. మీ పుస్తకాల్లో వ్యాపార పవనాలు అని ఉంటుందే, అదే ఇది. మే నుంచి అక్టోబరు దాకా దీని రాజ్యం. చాలా రోజులు 15 నుంచి 25 నాట్ల వేగం ఉంటుంది. అంటే గంటకు 28 నుంచి 46 కిలోమీటర్లు.

ఈ గాలి ఇక్కడితో ఆగిపోదర్రా. ఉత్తరానికి సాగి, భూమధ్యరేఖ దాటాక భూమి తిరుగుడు వల్ల కుడివైపుకు మళ్లుతుంది. సోమాలియా తీరం పక్కనుంచి అరేబియా సముద్రం మీదుగా వచ్చి మన నైరుతి రుతుపవనం అవుతుంది. ఇక్కడ గాలిపటాన్ని లాగే గాలే అక్కడ మన పొలాలకు వాన తెస్తుంది. ఈ సంగతి తెలిసిన రోజు నేను ఒడ్డున చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మన కోరంగి రేవులో ఓడలెక్కి చెరకు తోటల పనికి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు ఇక్కడున్నారు. ఈ దేశంలో ఉగాదికి సెలవు కూడా ఇస్తారు. వాళ్లకూ మనకూ ఈ గాలి ఒక చుట్టరికం అనిపించింది.

ఇక అసలు విషయం. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగు రెట్లవుతుంది. 12 నాట్లలో హాయిగా లాగిన పటమే 24 నాట్లలో మనిషిని ఎత్తి పడేస్తుంది. అందుకే గాలి పెరిగేకొద్దీ చిన్న పటం కట్టాలి. బాబీ, పెద్దదే కావాలని పట్టుబట్టకు.

వేగం కన్నా దిక్కు ముఖ్యం. ఒడ్డు మీదనుంచి సముద్రంలోకి వీచే గాలికి ఎప్పుడూ దిగకూడదు. తాడు తెగినా, పటం నీళ్లలో పడినా అది మిమ్మల్ని లోపలికే తోస్తుంది. ఇక్కడికి పడమట వందల కిలోమీటర్లు దాదాపు అంతా నీళ్లే. గాలి ఒడ్డుకు పక్కవాటుగా, కొంచెం నేలవైపు వాలి వస్తే మేలు. లే మోర్న్ లగూన్‌లో, అంటే ఒడ్డుకూ పగడపు దిబ్బకూ మధ్య ఉన్న నీటిలో, ఆగ్నేయపు గాలి అలాగే వస్తుంది. బయట పగడపు దిబ్బ పెద్ద అలల్ని విరగ్గొడుతుంది కాబట్టి లోపల నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, లోతు కూడా తక్కువే. మీకు ఆ చోటు చాలు.

లే మోర్న్ కొండ ఎత్తు 556 మీటర్లు. దాని వెనకవైపు గాలి సుడులు తిరుగుతూ, ఆగి ఆగి కొడుతుంది. అటు వెళ్లొద్దు. దిబ్బ అవతల వన్ ఐ, అంటే ఒంటికన్ను, అనే చోట గొప్ప అలలు లేస్తాయి. కొండ బండలో ఉన్న చిన్న రంధ్రం కనబడేచోట అల దొరుకుతుందని ఆ పేరు. అక్కడి ప్రవాహం దిబ్బ సందులోంచి బయటికి లాగేస్తుంది. ఆరితేరినవాళ్లే వెళ్లాలి.

ఆ కొండను ఒట్టి ఆటస్థలంగా చూడకండి. బానిసత్వం నుంచి పారిపోయినవాళ్లు దాని గుహల్లో, శిఖరం మీద తలదాచుకున్నారు. ఇక్కడ బానిసత్వం రద్దయింది 1835లో. కొండను యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొదటిరోజు దాని దగ్గరికి తీసుకెళ్తాను, తర్వాతే నీళ్లు.

ఈ ఆటకు బెల్ ఓంబ్రే, ఉత్తరాన ఆన్స్ లా రే అనే తీరాలు కూడా ఉన్నాయి. మారిషస్‌కే చెందిన రోడ్రిగ్స్ దీవి లగూన్ ఆ దీవి నేలకన్నా పెద్దది. అవి తర్వాత చూద్దాం. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుఫానుల కాలం, గాలి నమ్మకంగా ఉండదు. అప్పుడు రమ్మనను.

ఇద్దరూ ఈత సాధన ఆపకండి. పాత బూట్లు ఒక జత తెచ్చుకోండి. నీళ్లడుగున పగడపు ముక్కలు, ఒంటినిండా ముళ్లుండే సీ అర్చిన్ అనే జీవులు ఉంటాయి. ఈలోగా రోజూ పొద్దున్నే డాబా ఎక్కి పిడికెడు ఇసుక వదిలి, అది ఏ దిక్కుకు పోయిందో రాసిపెట్టండి. వచ్చాక ఆ పుస్తకం నాకు చూపించాలి.

ఇట్లు,
మీ తాతయ్య