పెట్టె కన్నా ముందు పూలు: తిరుపతిలో ఇంటి తేనెటీగలు

ఇంటి దగ్గర తేనెటీగలు పెంచుకోవాలనుకునేవాళ్ళు మొదట అడిగేది పెట్టె ఎక్కడ దొరుకుతుందని. నన్నడిగితే అది చివరగా అడగాల్సిన ప్రశ్న. పెట్టెదేముంది, కొలతలిస్తే మంచి వడ్రంగి ఎవరైనా చేసిపెడతాడు. ముందు తెలియాల్సింది మీ ఇంటి చుట్టూ ఏ నెలలో ఏ చెట్టు పూస్తుందనేది. మన నాటు తేనెటీగ మేత కోసం మామూలుగా కిలోమీటరు, మహా అయితే కిలోమీటరున్నర వెళ్తుంది. పెట్టె మీ పెరట్లోనే ఉండొచ్చు గానీ ఈగలు బతికేది పక్క వీధి కానుగ చెట్టు మీద, ఆ పైన స్కూలు ఆవరణలోని వేప మీద, ఎవరివో తోటల మీద.

పచ్చగా కనిపించేదంతా వాటికి మేత కాదు. వరి పువ్వులో మకరందం ఉండదు. చెరకు తోట ఎంత పెద్దదైనా తేనెటీగకు దానివల్ల లాభం లేదు. వేరుశెనగ పువ్వు తనలో తానే పరాగసంపర్కం జరుపుకుంటుంది, ఈగలకు అక్కడ దక్కేది చాలా తక్కువ. చిత్తూరు జిల్లాలో చుట్టూ చెరకు, వేరుశెనగ తప్ప మరో చెట్టు లేని పొలం మధ్యలో పెట్టె పెడితే ఈగలు ఆకలితో లేచిపోతాయి. అదే తిరుపతిలో పాత చెట్లు మిగిలిన కాలనీలో, యూనివర్సిటీల వైపో, అలిపిరి దగ్గరో పెడితే నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ. ఊళ్ళో తేనెటీగలేంటని చాలామంది అనుమానపడతారు గానీ, ఒకే పంట వేసిన పల్లె పొలం కన్నా రకరకాల చెట్లున్న పట్నం వీధి వాటికి నయం.

మన దగ్గర వానలు ఎక్కువగా పడేది అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలతో. ఈగలకు అది గడ్డుకాలం. ముసురు పట్టి రోజుల తరబడి బయటికి పోలేవు, పోయినా పువ్వులో మకరందం వానకి పలచబడి ఉంటుంది. డిసెంబరు దాటి ఎండ కాస్తే మామిడి పూత మొదలవుతుంది. మునగ పూస్తే ఈగల సందడి చూడాలి. మార్చి, ఏప్రిల్‌లో వేప, నేరేడు, ఆ వెనకే కానుగ, మే నుంచి చింత. కొబ్బరి చెట్టు దాదాపు ఏడాదంతా పుప్పొడి ఇస్తూనే ఉంటుంది. ఇంట్లో తులసి గుబురుగా పెంచి పూయనిస్తే చాలు, ఈగలు దాన్ని వదలవు. ఏడాది మొత్తంలో కనీసం ఏడెనిమిది నెలలు ఏదో ఒక పూత ఉందనిపించాకే పెట్టె సంగతి ఆలోచించాలి. కొత్తగా మొదలుపెట్టడానికి జనవరి చివర, ఫిబ్రవరి మంచి సమయం. మేత పెరుగుతూ పోయే కాలం కాబట్టి కొత్త ఈగల కుటుంబం తొందరగా బలపడుతుంది.

మామిడి గురించి ఒక మాట చెప్పాలి. చిత్తూరు అంటేనే మామిడి, ఊరూరా తోతాపురి తోటలు. అంత పూత చూసి తేనె కుండలు నిండుతాయనుకుంటారు గానీ మామిడి పువ్వులో మకరందం కొద్దిగానే ఉంటుంది, దాని పరాగసంపర్కంలో పెద్ద పాత్ర తేనెటీగలది కాదు, మామూలు ఈగలది. పైగా పూత సమయంలోనే తేనెమంచు పురుగు కోసం ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు కొడతారు. అది నరాల మీద పనిచేసే మందు, తేనెటీగకు చాలా తక్కువ మోతాదు కూడా ప్రాణాంతకం. తోట యజమానితో ముందే మాట్లాడుకుని, పూలు విచ్చుకున్నాక మందు మానిపించగలిగితే అంతకన్నా మేలు లేదు. తప్పదంటే పొద్దు వాలాక కొట్టమనాలి, ఆ ముందే పెట్టెను దూరంగా తరలించాలి. తేనెటీగలు పెంచేవాడికి పక్క రైతుతో స్నేహం, ఈగల్ని శాంతపరిచే పొగ డబ్బా కన్నా ముఖ్యం.

ఏ ఈగను పెంచాలి? మన చుట్టూ నాలుగు రకాలు ఎగురుతుంటాయి. శేషాచలం బండల మీద, నీళ్ళ ట్యాంకుల కింద, అపార్టుమెంట్ల సజ్జలకు ఒకే పెద్ద పట్టు వేలాడదీసేది కొండ తేనెటీగ. దాన్ని పెట్టెలో పెంచలేం. కాలం మారగానే అదే వలసపోతుంది, కనక పట్టు కనపడగానే కాగడా పెట్టి కాల్చే అలవాటు మానుకోవాలి. కంచె కొమ్మకు అరచేయంత పట్టు కట్టే చిన్న తేనెటీగ కూడా పెట్టెలో ఇమడదు. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో, పాత గోడల్లో చీకట్లో వరసగా నాలుగైదు పట్లు కట్టేదే పుట్ట తేనెటీగ, శాస్త్రీయంగా ఏపిస్ సెరానా ఇండికా. ఇంట్లో పెంచడానికి ఇదే సరైనది. ఇవి కాక గోడ పగుళ్ళలో మైనపు గొట్టం లాంటి వాకిలి పెట్టుకుని, నాలుగు మిల్లీమీటర్ల పొడవుండే కుట్టని తేనెటీగలున్నాయి. ఏడాదికి కాస్త పుల్లటి తేనె కొన్ని వందల గ్రాములే ఇస్తాయి గానీ చిన్నపిల్లలున్న ఇంటికి, మిద్దె తోటకు అవి చక్కగా సరిపోతాయి.

బయటి దేశాలనుంచి తెచ్చిన ఇటాలియన్ ఈగ మన పుట్ట తేనెటీగ కన్నా చాలా రెట్లు తేనె ఇస్తుంది, నిజమే. కానీ దానికి పూత వెంట పెట్టెలు లారీల్లో తిప్పాలి, అది వ్యాపారం. ఇంకో తేడా కూడా ఉంది. ప్రపంచమంతా ఇటాలియన్ ఈగలను పీడించే వరోవా అనే నల్లికి అసలు ఇల్లు మన పుట్ట తేనెటీగ జాతి అయిన ఆసియా తేనెటీగే. వేల ఏళ్ళుగా దానితో బతికి, ఒంటి మీది నల్లిని తోటి ఈగలు ఏరి పారేసే గుణం మన ఈగకు అబ్బింది. ఆ నల్లి మన గూళ్ళలో ఎక్కువగా పోతు ఈగల గదుల్లోనే పిల్లలు పెడుతుంది, అందుకే కుటుంబం కూలిపోదు.

పెట్టె వెనక ఉన్న సూత్రం ఒకటే. తేనెటీగ తను తిరగడానికి సెంటీమీటరుకు కాస్త తక్కువ సందు వదులుకుంటుంది. అంతకన్నా ఎక్కువ ఖాళీ ఉంటే అక్కడ పట్టు కట్టేస్తుంది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ ఈ సంగతి గమనించి, ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల మధ్య సరిగ్గా అంత సందు వదిలి పెట్టె చేశాడు. దాంతో పట్టును కోయకుండా, చట్రం పైకెత్తి చూసి మళ్ళీ దించడం వీలైంది. మన చిన్న ఈగకు తగ్గట్టు దాన్ని కుదించింది 1910ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన ఫాదర్ న్యూటన్. ఏడెనిమిది చట్రాల న్యూటన్ పెట్టెనే దక్షిణాదిలో ఇప్పటికీ వాడుతున్నారు. కింద పిల్ల గది, పైన తేనె గది.

పిల్ల గదిలోంచి ఒక చట్రం ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి. మధ్యలో గోధుమ రంగు మూతలు గట్టిగా ఒకదాన్నానుకుని ఒకటి ఉంటే రాణి బాగా గుడ్లు పెడుతోందని అర్థం. మూతలు లేని గదుల అడుగున బియ్యపు నూకకన్నా సన్నగా, తెల్లగా నిలబడి కనిపించేది నిన్నో మొన్నో పెట్టిన గుడ్డు. అవి కనబడితే రాణిని వెతికి కంగారు పెట్టనక్కర్లేదు, ఉన్నట్టే. అంచుల్లో కొంచెం ఉబ్బెత్తుగా, మూత నడుమ సూదితో పొడిచినట్టు చిన్న రంధ్రం ఉన్న గదులు పోతు ఈగలవి. ఆ రంధ్రం జబ్బు కాదు, పుట్ట తేనెటీగ పోతు గదులకు ఉండే గుర్తు. అవి ఎక్కువైతే కుటుంబం రెండుగా చీలడానికి సిద్ధమవుతోందని అనుకోవచ్చు. అంచున కిందికి వేలాడే రాణి గది కూడా ఉంటే ఇక అనుమానం లేదు.

ఈగలు ఎలా తెచ్చుకోవాలి? పెంచేవాళ్ళ దగ్గర ఈగలతో సహా చట్రాలు కొనడం సులువు. మొదటిసారైతే అదే మంచిది. వీలైతే రెండు పెట్టెలు తీసుకోండి, ఒకదాన్ని చూసి మరోదాని ఆరోగ్యం తెలుస్తుంది, ఒకటి నీరసిస్తే రెండోదాని పిల్ల చట్రం ఇచ్చి నిలబెట్టొచ్చు. పాత గోడలోని గూటిని అనుభవజ్ఞులతో కలిసి పెట్టెలోకి మార్చడం ఇంకో పద్ధతి. పట్లు కోసి అరటి నారతో చట్రాలకు కడతారు, రాణి బయటికి పోకుండా గుమ్మానికి కొద్ది రోజులు రాణి దూరలేనంత సన్న సందులున్న రాణి గేటు పెడతారు. శేషాచలం అడవిలోంచి మాత్రం తేవద్దు. అది 1989 నుంచి జాతీయ పార్కు, అక్కడినుంచి గూడు తీయడం చట్టరీత్యా నేరం. ఆ కొండల్లోనే పెరిగే ఎర్రచందనం కాయ కట్టాలన్నా ఈ తేనెటీగలే కావాలి. శిక్షణ కోసం కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ఖాదీ కమిషన్ కింద పుణెలో 1962 నుంచి తేనెటీగల పరిశోధనా సంస్థే ఉంది.

తిరుపతిలో అసలు సమస్య ఎండ. మే నెలలో 42 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కూడా గూటిలో పిల్లలున్న చోట ఈగలు 33 నుంచి 36 డిగ్రీల మధ్యనే నిలుపుకోవాలి. అందుకు నీళ్ళు తెచ్చి పట్ల మీద పల్చగా పూసి, రెక్కలతో విసురుతాయి. గుమ్మం దగ్గర వంగి చూస్తే వరసగా నిలబడి విసిరే ఈగలు కనిపిస్తాయి. మన ఈగ తల బయటికి పెట్టి, బయటి గాలిని లోపలికి తోస్తుంది. ఇటాలియన్ ఈగ తల లోపలికి పెట్టి, లోపలి వేడిని బయటికి లాగుతుంది. ఎండ పెరిగేకొద్దీ విసిరే ఈగలు పెరుగుతాయి, అంటే మేతకెళ్ళేవి తగ్గుతాయి. మైనం కరిగేది 62 డిగ్రీలు దాటాకే అయినా, అంతకు చాలా ముందే మెత్తబడి తేనె బరువుకు పట్టు తెగిపడుతుంది. అందుకే నీడ లేని సిమెంటు మిద్దె మీద పెట్టె పెట్టొద్దు. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం చెట్టు నీడ ఉండే చోటు చూసుకుని గుమ్మం తూర్పుకు తిప్పాలి. దగ్గర్లో వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు వేసి రోజూ నీళ్ళు నింపాలి. రాళ్ళు లేకపోతే ఈగలు మునిగిపోతాయి. ఇలా చేయకపోతే అవి పక్కింటి కుళాయి దగ్గరికి చేరతాయి, గొడవలు అక్కడే మొదలవుతాయి.

శత్రువుల్లో మొదటిది చీమ. స్టాండు నాలుగు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే సరి. నల్లబడిన పాత పట్లలో మైనపు పురుగు సొరంగాలు చేసుకుపోతుంది, అలాంటివి ఎప్పటికప్పుడు తీసేయాలి. కందిరీగలు, పసరిక పిట్టలు కొన్ని ఈగల్ని పట్టుకుపోతాయి, బలమైన కుటుంబానికి ఆ నష్టం లెక్కలోది కాదు. భయపడాల్సింది థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్‌కే. 1991లో దక్షిణాదికి పాకి, కొద్ది ఏళ్ళలోనే పుట్ట తేనెటీగల కుటుంబాల్ని చాలావరకు తుడిచిపెట్టింది. ఈగల పిల్ల పురుగులు గూడు కట్టుకునే దశకు రాకుండా నీళ్ళ సంచుల్లా ఉబ్బి గదుల్లోనే చనిపోతాయి. దానికి మందు లేదు. జబ్బు సోకిన ఊళ్ళనుంచి చట్రాలు తేకపోవడం, తట్టుకుని నిలబడ్డ కుటుంబాలనుంచే రాణుల్ని పెంచడం, ఇవే దారులు.

కుట్టడం గురించి టెన్షన్ సహజం. కుట్టిన ఈగ ముల్లు చర్మంలోనే వదులుతుంది, దాంతోపాటు పండిన అరటిపండు వాసన వేసే రసాయనం వెలువడి మిగతా ఈగల్ని పిలుస్తుంది. ముల్లును గోటితో వెంటనే గీకేసి, నీళ్ళతో కడుక్కుని పక్కకు రావాలి. కాస్త పొగ ఆ వాసనను కప్పేస్తుంది. ముఖం వాచి, ఊపిరి ఆడకపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు రావడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి, అది ప్రాణాపాయం. ఇంట్లో ఎవరికైనా అలాంటి అలర్జీ ఉందని తెలిస్తే పెట్టె వద్దే వద్దు.

మొదటి ఏడాది తేనె మీద ఆశ పెట్టుకోవద్దు. మేత బాగుంటే తర్వాత ఏడాదికి ఒక పెట్టెకు నాలుగైదు కిలోలు రావచ్చు. మకరందంలో సగానికి పైగా నీరే. ఈగలు దాన్ని నాలుక మీద పలచగా చాపి, విసిరి విసిరి 20 శాతం దగ్గరికి దించి, అప్పుడు మైనంతో మూత వేస్తాయి. మూత పడకముందే తీసిన తేనె సీసాలో నురుగు కక్కి పులుస్తుంది. పై గదిలో ముప్పాతిక భాగం మూతలు పడ్డ చట్రాలే తీసుకోవాలి, పిల్ల గదిలోని తేనె ముట్టుకోకూడదు. నవంబరు ముసురులో అవి బతికేది దానిమీదే. అదీ చాలకపోతే పంచదార, నీళ్ళు సమానంగా కలిపి చీకటి పడ్డాక పెట్టెలోనే పెట్టాలి. బజారు తేనె పోయొద్దు, దాంతోపాటు జబ్బులు వస్తాయి.

గడ్డకట్టిన తేనె కల్తీ అని చాలామంది పారేస్తారు. గ్లూకోజు శాతం ఎక్కువున్న తేనె గడ్డకట్టడం దాని సహజ గుణం, గోరువెచ్చని నీళ్ళలో సీసా ఉంచితే కరుగుతుంది. నీళ్ళలో చుక్క వేయడం, అగ్గిపుల్లతో వెలిగించడం లాంటి పరీక్షలు ఏమీ తేల్చవు. సొంత పెట్టె తేనె ఎంత స్వచ్ఛమైనదైనా పుట్టిన బిడ్డ నాలుక మీద మాత్రం రాయకండి. తేనెలో ఉండగలిగే బొటులిజం బీజాలను ఏడాది లోపు పసికందు పేగు తట్టుకోలేదు.