దుస్తుల కింద ఉండే పిస్టల్‌కు ఏ పూత? కొన్ని అపోహలు, వాస్తవాలు

హ్యూస్టన్‌లో తుపాకులకు పూతలు వేయడం నా వృత్తి. గల్ఫ్ తీరం దగ్గర కాబట్టి ఏడాదిలో సగం రోజులు గాలి తడిగానే ఉంటుంది, చొక్కా ఒంటికి అతుక్కునే ఉంటుంది. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హత ఉన్నవారు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. మొదటిసారి కొనుక్కుని వచ్చేవారిలో తెలుగువారూ కనిపిస్తున్నారు. వారికి ముందుగా ఒక మాట చెప్పాలి. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్నే ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, న్యాయవాదిని అడగకుండా అడుగు వేయకండి. టెక్సస్ చట్టం ఆ నిషేధాన్ని తొలగించదు.

ఇక పూతల విషయం. వచ్చినవారు రంగుల కార్డు చూపించమంటారు. నేను మాత్రం పిస్టల్ ఒంటికి ఏ పక్కన ఉంటుంది, మీకు చెమట ఎంత పడుతుంది, ఎన్నాళ్లకోసారి తుడుస్తారు అని అడుగుతాను. ఆ జవాబులు తెలియకుండా పూత ఎంచుకోవడం డబ్బు దండగ.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదు.

నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇదే. స్మిత్ అండ్ వెసన్ 1965లో మోడల్ 60 పేరుతో స్టెయిన్‌లెస్ రివాల్వర్ తెచ్చినప్పుడు, జేబులో, చంక కింద పెట్టుకునేవారికి అది పెద్ద ఊరట. అయితే స్టెయిన్‌లెస్ అంతా ఒకటే లోహం కాదు. వంటపాత్రలకు వాడే 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. తుపాకీ బ్యారెళ్లకు, స్లైడ్లకు (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే భాగం) తరచుగా వాడే 416 రకంలో క్రోమియం 12 నుంచి 14 శాతమే. పైగా కోత సులువు కావడానికి అందులో గంధకం కలుపుతారు. స్టీలును కాపాడేది పైనున్న పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర. చెమటలోని ఉప్పు ఆ పొరను చిల్లులు పొడుస్తుంది. గంధకం ఉన్న చోట్ల ఆ పని ఇంకా తొందరగా మొదలవుతుంది.

వేసవి చివర వచ్చిన పిస్టల్‌ను బల్ల మీద పెట్టి చూడండి. బయటికి తిరిగి ఉన్న వైపు తళతళలాడుతుంది. ఒంటికి ఆనుకునే వైపు, గురి చూసే వెనక సైట్ బిగించిన గాడి చుట్టూ ఆవగింజంత గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. పిడి పలకల స్క్రూలు తీసి పలక ఎత్తితే, కింద అదే రంగు గీతలా పాకి ఉంటుంది. చెమట అక్కడికి చేరుతుంది, గాలి చేరదు, గుడ్డ అసలే చేరదు. ఆ చుక్కలను మామూలు స్టీలు ఉన్నితో రుద్దకండి. విరిగిన ఇనుప పోగులు స్టెయిన్‌లెస్‌లో ఇరుక్కుని అవే మళ్లీ తుప్పు పడతాయి. కాస్త నూనె వేసి కంచు ఉన్నితో మెల్లగా రుద్దండి.

అపోహ: నల్లగా ఉంటే చాలు, అన్నీ ఒకటే.

పక్కపక్కన పెడితే నల్లటి స్లైడ్లు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటి వెనకున్న పద్ధతులు మాత్రం వేరు. వేడి బ్లూయింగ్‌లో కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపిన ద్రావణాన్ని సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగించి స్టీలును అందులో ముంచుతారు. పైన నల్లటి మాగ్నటైట్ పొర ఏర్పడుతుంది. చూడటానికి అంత అందమైనది మరొకటి లేదని నా అభిప్రాయం. కానీ దాన్ని కాపాడేది నూనె. నూనె ఆరిపోయిన బ్లూయింగ్ మీద చెమట చేయి పెట్టి వదిలేస్తే మర్నాటికే వేలిముద్ర ఎర్రగా తేలవచ్చు. పార్కరైజింగ్ ఫాస్ఫేటు పూత. గరుకుగా, సూక్ష్మ రంధ్రాలతో ఉంటుంది కాబట్టి నూనెను బాగా పట్టి ఉంచుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా సైనిక పిస్టళ్ల మీద కనిపించే బూడిదరంగు అదే.

నైట్రైడింగ్‌ను పూత అనడమే సరికాదు. నత్రజని, కార్బన్ స్టీలులోకే ఇంకి పై పొరను గట్టిపరుస్తాయి. గ్లాక్ పిస్టళ్ల కంపెనీ వాడిన టెనిఫర్ పద్ధతి ఈ కోవకు చెందినదే. హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) రాపిడికి అంచుల దగ్గర నలుపు పోయి వెండిరంగు తేలగానే రక్షణ పోయిందని కంగారుపడి తెస్తారు. నలుపు అరిగినా గట్టిపడిన పొర అక్కడే ఉంటుంది. దాని మీద మరో పూత వేయించుకోనవసరం లేదని చెప్పి పంపించేస్తాను.

ఒక హెచ్చరిక: అల్యూమినియం ఫ్రేమును (పిడి ఉండే కింది భాగాన్ని) బ్లూయింగ్ తొట్టిలో ముంచకూడదు. కాస్టిక్ సోడా దాన్ని కరిగించేస్తుంది. అల్యూమినియానికి అనోడైజింగే (విద్యుత్తుతో పైన ఆక్సైడ్ పొర పెంచడం) తగిన దారి.

అపోహ: ఉప్పు పొగమంచు పరీక్షలో ఎక్కువ గంటలు నిలిచినదే మంచి పూత.

ఏఎస్‌టీఎం బీ117 అనే ఆ పరీక్షలో 35 డిగ్రీల గదిలో 5 శాతం ఉప్పు నీటిని మంచులా చల్లుతూ ఉంటారు. రెండు పూతలను పోల్చడానికి అది పనికొస్తుంది. కానీ ఆ గదిలో పరీక్షకు పెట్టిన లోహపు పలకను ఎవరూ హోల్‌స్టర్‌లోంచి తీసి పెట్టరు. మీ పిస్టల్ మీద మొదట అరిగేవి స్లైడ్ ముందు అంచులు. పూత నిలిచిన గంటలను పిస్టల్ నిలిచే ఏళ్లుగా లెక్కగట్టే ప్రకటనలను నమ్మకండి. అలాగే డైమండ్ లాంటి కార్బన్ పూతనూ జాగ్రత్తగా చూడాలి. గీతలను తట్టుకోవడంలో దానికి సాటి తక్కువ. అయితే కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందమే ఉన్న ఆ పొరలో సూదిమొన రంధ్రాలు ఉండవచ్చు. కింద ఉన్నది మామూలు స్టీలైతే తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది.

అపోహ: మెరిసే పిస్టల్ ఇతరుల కంటపడుతుంది.

చొక్కా కింద ఉన్నది ఎవరికి కనిపిస్తుంది? స్లైడ్ పైభాగం మెరిస్తే గురి చూసేటప్పుడు మీ కంటికే ఇబ్బంది. ఆ భాగాన్ని మెరుపు లేకుండా చేయించుకుంటే చాలు.

అపోహ: పూత మందంగా ఉంటే ఎక్కువ కాలం ఉంటుంది.

సెరాకోట్ అనే, రంగులా చల్లే సిరామిక్ పూత పొర సుమారు 25 మైక్రాన్లు. వినడానికి చిన్నదే అయినా, స్లైడ్, ఫ్రేము ఒకదానిపై ఒకటి జారే పట్టాల మీద రెండు వైపులా పడితే పిస్టల్ బిగుసుకుపోతుంది. అందుకే ఆ చోట్లను టేపుతో కప్పుతాను. అసలు పని పూతకు ముందే ఉంది. నూనె పోయేలా కడిగి, ఓవెన్‌లో వేడి చేస్తే సైట్ గాడిలోంచి, పిన్నుల చుట్టూ దాగిన నూనె చిన్న చెమ్మ మరకలా బయటికి ఊరుతుంది. అది పూర్తిగా ఆగేదాకా మళ్లీ కడగాలి. ఆ తర్వాత అల్యూమినియం ఆక్సైడ్ ఇసుకతో గరుకు చేసి, పూత వేసి, స్టీలు భాగాలను సుమారు 120 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచుతాను. ప్లాస్టిక్ ఫ్రేములకు వేడి తగ్గించి సమయం పెంచాలి. నూనె మిగిలిన చోట పూత ఎంత ఖరీదైనదైనా పెచ్చులుగా లేస్తుంది.

నికెల్ పూత ఉన్న పాత రివాల్వర్ మీ దగ్గర ఉంటే అమ్మోనియా ఉన్న శుభ్రపరిచే ద్రవాలు వాడకండి. చాలావాటిలో నికెల్ కింద రాగి పొర ఉంటుంది. గీత పడిన చోట అమ్మోనియా లోపలికి చేరి రాగిని తినేస్తుంది, పై నికెల్ ఊడిపోతుంది.

అపోహ: మంచి పూత వేయిస్తే ఇక తుడవనక్కర్లేదు.

బయట ఏ పూత ఉన్నా లోపలి స్ప్రింగులు, పిన్నులు, సైట్ స్క్రూలు, తూటాలు నింపే మ్యాగజీన్ గొట్టం చాలావరకు మామూలు స్టీలే. ప్లాస్టిక్ ఫ్రేము పిస్టల్‌లోనూ అంతే. ఎండాకాలంలో ఇంటికి రాగానే తూటాలు తీసేసి, బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది (చాంబర్) ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి, పొడి గుడ్డతో తుడిచి, నూనె తడి మాత్రమే తగిలిన గుడ్డతో మరోసారి తుడవండి. కారేంత నూనె వేస్తే నూలుపోగులన్నీ దానికే అంటుకుంటాయి. రాత్రి తోలు హోల్‌స్టర్‌లో వదిలేయకండి, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది.

నన్ను ఒకటి ఎంచుకోమంటే, ఇక్కడి ఎండకు ప్లాస్టిక్ ఫ్రేము, నైట్రైడ్ చేసిన స్లైడ్ ఉన్న పిస్టల్‌ను అలాగే వాడమంటాను. తాతగారి బ్లూయింగ్ రివాల్వర్ అయితే పూత మార్చనే వద్దు, విలువ పడిపోతుంది. ఎండాకాలం దాన్ని ఇంట్లో పెట్టి మరొకటి వాడండి. పూత వేయించాలనే నిర్ణయించుకుంటే, ఏ భాగాలు విప్పుతారు, ఏ చోట్లకు పూత వేయరు, సీరియల్ నంబరు చదవగలిగేలా ఎలా ఉంచుతారు అని దుకాణదారుణ్ణి అడగండి. రంగుల కార్డు తప్ప జవాబు లేని చోట పిస్టల్ వదిలి రాకండి.